వైఫై పవర్ ఎంత ఉండాలి: హాస్టల్ వరండా నుంచి కల్యాణ మండపం దాకా

తిరుపతి చదువుల ఊరు, ఆసుపత్రుల ఊరు, యాత్రికుల ఊరు. 1954లో మొదలైన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, మరోవైపు స్విమ్స్, రుయా ఆసుపత్రులు, ఇవి కాక వీధి వీధినా లాడ్జీలు, సత్రాలు, కల్యాణ మండపాలు. ఇంతింత భవనాల్లో వైఫై అంటే ఇంట్లో టీవీ పక్కన పెట్టుకునే ఒక్క రౌటరుతో అయ్యే పని కాదు. పదుల్లో, ఒక్కోచోట వందల్లో యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) సీలింగుకు బిగించి, అన్నింటినీ ఒకేచోట నుంచి అదుపు చేసే కంట్రోలర్ కింద నడపాల్సి ఉంటుంది. ఇలాంటి నెట్‌వర్కుల్లో "గదిలో సిగ్నల్ రావట్లేదు" అని ఫిర్యాదు రాగానే తరచుగా జరిగే మొదటి పని, యాక్సెస్ పాయింట్ సిగ్నల్ పంపే పవర్‌ను గరిష్ఠానికి పెంచడం. కొన్నాళ్లకు ఫిర్యాదులు ఇంకా పెరుగుతాయి. అప్పుడు పవర్‌ను ఆటోమేటిక్‌కు వదిలేసి చేతులు దులుపుకుంటారు. మొదటిది దాదాపు ఎప్పుడూ పొరపాటే. రెండోది భవనం తీరును బట్టి అంతకంటే పెద్ద పొరపాటు కావచ్చు. ఎందుకంటే పవర్‌ను సర్దే ప్రోగ్రాం వినేది ముఖ్యంగా సీలింగు మీద ఉన్న తోటి యాక్సెస్ పాయింట్లను. గదిలో మంచం మీద కూర్చున్న విద్యార్థి చేతిలోని ఫోన్ దాని లెక్కలోకి సరిగా రాదు.

కొలమానం సంగతి ముందు చూద్దాం. వైఫై పవర్‌ను డీబీఎంలలో (1 మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డెసిబెల్), అందులో వచ్చే హెచ్చుతగ్గులను డీబీలలో (డెసిబెల్) చెబుతారు. 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్, 10 అంటే 10 మిల్లీవాట్లు, 20 అంటే 100 మిల్లీవాట్లు. 3 డీబీ పెరిగితే పవర్ రెట్టింపు, 3 తగ్గితే సగం. ఫోన్ దగ్గరికి చేరేసరికి సిగ్నల్ ఎంతో బలహీనపడి ఉంటుంది కాబట్టి అక్కడి అంకెలన్నీ మైనస్‌లోనే ఉంటాయి. -50 అంటే బలమైన సిగ్నల్. వీడియో కాల్, వాట్సాప్ కాల్ తెగకుండా సాగాలంటే -67కు తగ్గకూడదని డిజైన్ చేసేవాళ్లు పెట్టుకునే గీత. -80 దగ్గర ఫోన్‌లో ఒక గీత కనిపించినా పని మాత్రం జరగదు.

పవర్ పెంచితే ఆ అంకె మెరుగవుతుంది, నిజమే. కానీ వైఫై రెండు వైపులా సాగే సంభాషణ. యాక్సెస్ పాయింట్ 23 డీబీఎంతో పలికితే, ఫోన్ తిరిగి పలికేది సాధారణంగా 12 నుంచి 15 డీబీఎంలతోనే. బ్యాటరీ చిన్నది, యాంటెన్నా చిన్నది. పెళ్లి భోజనాల దగ్గర మైకు పట్టుకున్నవాడి మాట చివరి బంతి దాకా వినిపిస్తుంది, చివరి బంతిలో కూర్చున్నవాడు అడిగేది మాత్రం మైకు దాకా రాదు. అంకెల్లో చూస్తే, దారిలో 90 డీబీ నష్టం ఉందనుకుందాం. నష్టం పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకటే. 23 డీబీఎంతో బయల్దేరిన సిగ్నల్ ఫోన్‌కు -67గా చేరుతుంది. ఫోన్ 14తో పంపినది యాక్సెస్ పాయింట్‌కు -76గా చేరుతుంది. ఫోన్ తెర మీద గీతలు నిండుగా ఉంటాయి, పంపిన ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ వాదనను కొందరు ఇంజనీర్లు పూర్తిగా ఒప్పుకోరు. వాళ్ల మాటలోనూ పట్టు ఉంది. యాక్సెస్ పాయింట్‌కు నాలుగు యాంటెన్నాలుంటే, నాలుగింటికీ వచ్చినదాన్ని కలిపి వినడం వల్ల 6 డీబీ దాకా లాభం దక్కుతుంది. పైన చూసిన 9 డీబీ తేడా ఆ లెక్కన 3కు దిగుతుంది. పైగా ప్రతి ప్యాకెట్‌కు, అంటే అందిన ప్రతి డేటా ముక్కకు, ఫోన్ ఇచ్చే రసీదు తక్కువ వేగంతో వెళుతుంది కాబట్టి బలహీనమైన సిగ్నల్ మీద కూడా చేరిపోతుంది. డౌన్‌లోడ్ మాత్రమే చూసుకునేవాళ్లకు పవర్ తేడా అంతగా బాధించదన్న మాట అందుకే నిలబడుతుంది. అయితే ఆన్‌లైన్ తరగతి, వీడియో కాల్, వార్డులో నర్సు చేతిలోని ట్యాబ్ నుంచి రోగి వివరాలు ఎక్కించడం, ఇవన్నీ పైకి పంపే పనులు. వీటికి ఫోన్ వైపు నుంచే లెక్క వేయాలి. ఫోన్ కంటే మూడు నాలుగు డీబీ ఎక్కువలో యాక్సెస్ పాయింట్‌ను ఉంచితే రెండు వాదనలకూ సరిపోతుంది.

ఎక్కువ పవర్ చేసే అసలు చెడు మరోచోట ఉంది. వైఫై వాడే తరంగాలను చానళ్లు అనే ముక్కలుగా విభజిస్తారు. ఒకే చానల్‌లో ఉన్న పరికరాలు ఒకదాని తర్వాత ఒకటి మాట్లాడాలి. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఆగాలి. ఎంత సన్నగా వినిపిస్తే ఆగాలన్నది వైఫై ప్రమాణంలోనే ఉంది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్‌లో -82 డీబీఎంకు వినిపించిన వైఫై సిగ్నల్‌ను కూడా లెక్కలోకి తీసుకుని ఆగిపోవాలి. అంటే -67 దాకా సేవ అందించే యాక్సెస్ పాయింట్, అంతకంటే 15 డీబీ దిగువ దాకా అందరినీ ఆపుతూ ఉంటుంది. గోడలున్న భవనాల్లో దూరం రెట్టింపైతే సుమారు 9 డీబీ నష్టం అనుకుంటే, ఆ 15 డీబీ దాదాపు 3.2 రెట్ల దూరం. విస్తీర్ణంలో చెప్పాలంటే పది రెట్లు. పది గదులకు వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్ వంద గదుల్లో ఆ చానల్‌ను అడ్డుకుంటుంది. హాస్టల్ వైఫై రాత్రి పది గంటలకు ఎందుకు కుప్పకూలుతుందో అర్థం కావాలంటే ఈ ఒక్క లెక్క చాలు.

వైఫై వాడే తరంగాల శ్రేణుల్లో ముఖ్యమైనవి 2.4, 5 గిగాహెర్ట్జ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో పరిస్థితి మరీ ఇరుకు. ఒకదానికొకటి తగలకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడే చానళ్లు. నాలుగో యాక్సెస్ పాయింట్ పెట్టగానే అది ముగ్గురిలో ఒకరి చానల్‌ను పంచుకోవాల్సిందే. 5 గిగాహెర్ట్జ్‌లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఇరవైకి పైగా చానళ్లు దొరుకుతాయి. 80 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడితే అవి అయిదారుకు పడిపోతాయి. పైగా వెడల్పు రెట్టింపైన ప్రతిసారీ నాయిస్ (సిగ్నల్‌తో కలిసి వినిపించే అనవసర రొద) 3 డీబీ పెరుగుతుంది. హాస్టళ్లలో, లాడ్జీల్లో 80 పెట్టి సరైన పవర్ కోసం వెతకడం వృథా ప్రయాస.

మరి పవర్‌ను 6 డీబీ తగ్గిస్తే? గోడల మధ్య పరిధి వ్యాసార్ధం 63 శాతానికి, విస్తీర్ణం 40 శాతానికి దిగుతుంది. పక్కవాళ్లను ఆపడం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కానీ ఇక్కడ చాలామంది చూడని మెలిక ఒకటుంది. యాక్సెస్ పాయింట్ పవర్ తగ్గించినంత మాత్రాన ఫోన్ల పవర్ తగ్గదు. పవర్ పరిమితిని పాటించమని యాక్సెస్ పాయింట్ తన బీకన్‌లో (తన ఉనికిని చాటుతూ పదేపదే పంపే సందేశంలో) చెప్పవచ్చు, కొన్ని ఫోన్లు పాటిస్తాయి, కొన్ని పట్టించుకోవు. గదిలో 14 డీబీఎంతో పలికే ఫోన్ తన చుట్టూ అంతే మేర చానల్‌ను ఆపుతూనే ఉంటుంది. అందుకే ఫోన్ స్థాయికి దిగువకు యాక్సెస్ పాయింట్‌ను దింపితే రద్దీ అంతగా తగ్గదు, సిగ్నల్ మాత్రం చెడుతుంది. సిగ్నల్ చెడితే వేగం పడిపోతుంది, వేగం పడితే అదే డేటాకు గాలిలో ఎక్కువ సేపు పడుతుంది, రద్దీ మళ్లీ పెరుగుతుంది.

పవర్ ఎక్కువైతే రోమింగ్, అంటే నడుస్తున్నప్పుడు ఫోన్ ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారడం, కూడా దెబ్బతింటుంది. ఏ యాక్సెస్ పాయింట్‌ను పట్టుకోవాలన్నది నిర్ణయించేది ఫోనే, కంట్రోలర్ కాదు. ఆపిల్ ప్రకటించిన వివరాల ప్రకారం, ఐఫోన్ ఉన్న కనెక్షన్ -70 డీబీఎంకు పడిపోయాకే కొత్తదాని కోసం వెతుకుతుంది. డేటా నడుస్తుంటే కొత్తది కనీసం 8 డీబీ, ఖాళీగా ఉంటే 12 డీబీ మెరుగ్గా ఉండాలి. యాక్సెస్ పాయింట్లన్నీ గరిష్ఠ పవర్‌లో ఉంటే మొదటి అంతస్తులో పట్టుకున్న సిగ్నల్ మూడో అంతస్తుకు వెళ్లినా -70కి దిగకపోవచ్చు. అప్పుడు తల మీదే కొత్త యాక్సెస్ పాయింట్ ఉన్నా ఫోన్ పాతదాన్నే పట్టుకు వేలాడుతుంది.

ఇక్కడిదాకా వచ్చాక ఆటోమేటిక్ పవర్ సర్దుబాటు మంచి పరిష్కారంగా కనిపిస్తుంది. కంపెనీని బట్టి పేర్లు, పద్ధతులు వేరైనా మూలసూత్రం దగ్గరదగ్గరగా ఒకటే. సిస్కో అనే కంపెనీ కంట్రోలర్లలో ఇది ఎలా నడుస్తుందో చూస్తే విషయం తేటపడుతుంది. ప్రతి యాక్సెస్ పాయింట్ గరిష్ఠ పవర్‌తో కొన్ని ప్రత్యేక సందేశాలను పంపుతుంది. చుట్టుపక్కల ఉన్నవి వాటిని విని, ఎంత బలంగా వినిపించాయో కంట్రోలర్‌కు చెబుతాయి. తనను బలంగా వినేవాళ్లలో మూడో స్థానంలో ఉన్న యాక్సెస్ పాయింట్‌కు -70 డీబీఎం చొప్పున చేరేలా పవర్‌ను సర్దుతారు. ఈ -70 అన్నది కంపెనీ ముందుగా పెట్టి ఇచ్చే విలువ, -80 నుంచి -50 దాకా మార్చుకోవచ్చు. ఇరుగుపొరుగు ముగ్గురైనా లేకపోతే ఈ లెక్క కదలదు.

ఆఫీసులా బల్లలు పరిచిన విశాలమైన హాలులో ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే యాక్సెస్ పాయింట్ల మధ్య ఉన్న గాలీ, యాక్సెస్ పాయింట్‌కూ మనిషికీ మధ్య ఉన్న గాలీ ఒకేలాంటివి. మన హాస్టళ్ల కట్టుబడి వేరు. మధ్యలో పొడవాటి వరండా, రెండు వైపులా గదులు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, తలుపు పక్కనే ఇనుప బీరువా. కేబుల్ లాగడం తేలికని యాక్సెస్ పాయింట్లన్నీ వరండా సీలింగుకే బిగిస్తారు. అవి ఒకదానికొకటి ఎదురెదురుగా, మధ్యలో అడ్డేమీ లేకుండా కనిపిస్తాయి. 12 మీటర్లకు ఒకటి చొప్పున ఉన్నాయనుకుందాం. చెరోవైపు ఒకటి పోగా, మూడోది 24 మీటర్ల దూరంలో ఉంటుంది. అడ్డంకి లేని గాలిలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు మొదటి మీటరులోనే సుమారు 47 డీబీ నష్టం, 24 మీటర్లకు 75 దగ్గర. 20 డీబీఎంతో పంపితే మూడో యాక్సెస్ పాయింట్‌కు -55గా చేరుతుంది. కంట్రోలర్‌కు కావలసింది -70. కాబట్టి 15 డీబీ తగ్గిస్తుంది. మిగిలేది 5 డీబీఎం, అంటే దాదాపు 3 మిల్లీవాట్లు.

గదిలో సంగతి ఇప్పుడు చూడాలి. ఎనిమిది మీటర్ల దూరానికి 65 డీబీ, గోడా బీరువా కలిపి 12, ఫోన్ పట్టుకున్న చేయి, ఒళ్లు అడ్డం వచ్చినందుకు 5 అనుకుంటే మొత్తం 82. 5 డీబీఎంతో బయల్దేరినది -77గా చేరుతుంది. కాల్ తెగుతుంది, విద్యార్థి మొబైల్ డేటాకు మారిపోతాడు. ఫోన్ 14 డీబీఎంతో పంపేది మాత్రం యాక్సెస్ పాయింట్‌కు -68గా చేరుతూనే ఉంటుంది. మొదట చూసిన అసమానత ఇక్కడ తారుమారైంది, ఇప్పుడు యాక్సెస్ పాయింటే ఫోన్ కంటే బలహీనం. కంట్రోలర్ తెర మీద మాత్రం అన్నీ పచ్చగానే ఉంటాయి, ఎందుకంటే వరండాలో నిజంగానే సిగ్నల్ బాగుంది. ఇదే యాక్సెస్ పాయింట్‌ను 14 డీబీఎం దగ్గర ఉంచి ఉంటే గదిలోనూ -68 వచ్చేది. వాడకానికి కావలసిన గీతకు దాదాపు ఆనుకుని ఉండేది.

ప్రోగ్రాం తప్పు చేయలేదు. దానికి అందిన సమాచారం వరండాదే, గదిది కాదు. ఈ తేడాను సరిదిద్దడానికి కంపెనీలు ఇంకో ఏర్పాటు పెట్టాయి. ఫోన్ల సిగ్నల్ -80 దగ్గరికి పడిపోతున్నట్టు యాక్సెస్ పాయింట్ గమనిస్తే, అక్కడ కవరేజీ లోటు ఉందని భావించి పవర్ పెంచుతుంది. పై లెక్కలో ఫోన్ సిగ్నల్ -68గా వినిపిస్తోంది కాబట్టి ఈ ఏర్పాటు కదలనే కదలదు. విద్యార్థికి వినపడకపోవడమే సమస్య, విద్యార్థి మాట వినపడకపోవడం కాదు.

కల్యాణ మండపాల్లో ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. ఎత్తైన కప్పు, స్తంభాలు లేని విశాలమైన హాలు. కప్పుకు బిగించిన యాక్సెస్ పాయింట్లు ఒకదానికొకటి సూటిగా కనిపిస్తాయి. ముహూర్తం వేళకు కింద వెయ్యిమంది చేరతారు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి అడ్డం వచ్చిన ఒక్కో మనిషీ కొన్ని డీబీలు మింగేస్తాడు. కానీ జనం ఉన్నది కింద. పైన యాక్సెస్ పాయింట్ల మధ్య గాలి ఖాళీ హాలులో ఎలా ఉందో నిండు హాలులోనూ అలాగే ఉంటుంది. ప్రోగ్రాంకు జనం వచ్చినట్టే తెలియదు. ఖాళీ మండపంలో సర్వే చేసి పవర్ నిర్ణయిస్తే పెళ్లి రోజున అది చాలదు. అలాగని అన్నింటినీ పెంచితే, ఒకే గదిలో ఉన్న యాక్సెస్ పాయింట్లన్నీ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఇలాంటి చోట్ల పవర్‌తో కుస్తీ పట్టే ముందు కిందికి మాత్రమే సిగ్నల్ వేసే డైరెక్షనల్ యాంటెన్నాలు, 20 మెగాహెర్ట్జ్ చానళ్లు ఎంచుకోవాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో కిక్కిరిసే వసతి సముదాయాల హాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి ఆటోమేటిక్‌ను పూర్తిగా తీసేయనక్కర్లేదు, దానికి కంచె వేయాలి. కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత అన్నది మనిషే చెప్పాలి. సిస్కోలో ముందుగా ఉండే హద్దులు -10 నుంచి 30 డీబీఎం, అంటే హద్దు లేనట్టే. 5 గిగాహెర్ట్జ్‌లో కనిష్ఠం 11 లేదా 12, గరిష్ఠం 17 దగ్గర పెడితే చాలా భవనాలకు సరిపోతుంది. పైన చెప్పిన వరండా హాస్టల్‌కైతే కనిష్ఠాన్ని 14కు తేవడం మేలు. కనిష్ఠ గరిష్ఠాల మధ్య ఆరు డీబీకి మించి ఎడం ఉండకపోవడం మంచిది. పక్కపక్కన ఉన్న రెండు యాక్సెస్ పాయింట్లలో ఒకటి 5లో, మరొకటి 20లో ఉంటే ఫోన్లన్నీ రెండోదాని మీదే పడతాయి.

2.4 గిగాహెర్ట్జ్‌ను 5 కంటే కనీసం 6 డీబీ తక్కువలో ఉంచాలి. ఒకే దూరంలో 2.4 సిగ్నల్‌కు నష్టం సుమారు 6 నుంచి 7 డీబీ తక్కువ, గోడలనూ అదే బాగా దాటుతుంది. రెండింటికీ ఒకే పవర్ ఇస్తే ఫోన్‌కు 2.4 బలంగా కనిపించి ఆ ఇరుకులోకే వెళుతుంది. దగ్గరదగ్గరగా యాక్సెస్ పాయింట్లున్న అంతస్తులో మూడింట రెండు 2.4 రేడియోలను ఆపేయడమే సరైన పని. పవర్‌ను ఎంత తగ్గించినా మూడు చానళ్లు నాలుగు కావు. అయితే పాత ప్రింటర్లు, వేలిముద్ర హాజరు యంత్రాల్లో 2.4 మాత్రమే ఉన్నవి ఉంటాయి. ఆపే ముందు అవి ఎక్కడున్నాయో చూసుకోవాలి.

అంకెలు చదవడంలోనే జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. సిస్కోలో పవర్ లెవెల్ 1 అంటే గరిష్ఠం, అంకె పెరిగేకొద్దీ పవర్ సగం సగంగా తగ్గుతుంది. లెవెల్ 5 చూసి పవర్ ఎక్కువగా ఉందనుకోకూడదు. కొన్ని కంపెనీలు ఒక్కో యాంటెన్నాకు వెళ్లే పవర్ చెబుతాయి, కొన్ని మొత్తం చెబుతాయి. యాంటెన్నాకు 17 చొప్పున నాలుగు ఉంటే మొత్తం 23. రెండు కంపెనీల పరికరాలున్న క్యాంపస్‌లో రెండింటిలోనూ 17 అని కొట్టి సమానం చేశామనుకుంటే, నిజానికి ఒకటి నాలుగు రెట్లు ఎక్కువ పవర్‌తో ఉంటుంది. దీనికి తోడు యాంటెన్నా గెయిన్ (సిగ్నల్‌ను ఒక వైపుకు కూడదీయడం వల్ల యాంటెన్నా ఇచ్చే అదనపు బలం) కూడా కలపాలి. ఇంకా, యాక్సెస్ పాయింట్ అత్యధిక వేగాలతో పంపేటప్పుడు సిగ్నల్ శుద్ధంగా ఉండటం కోసం పవర్ దానంతటదే కాస్త దిగుతుంది. గరిష్ఠానికి పెట్టినా ఆ వేగాలకు గరిష్ఠం అందదు.

చట్టపరమైన హద్దులు ఈ అంకెలకు చాలా పైన ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో కేంద్ర ప్రభుత్వ 2005 నోటిఫికేషన్ ప్రకారం 1 వాట్ పవర్, యాంటెన్నా గెయిన్ కలిపి 4 వాట్లు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు. అందులో మధ్య భాగం చానళ్లను రాడార్లతో పంచుకోవాలి, రాడార్ వినిపిస్తే వదిలి వెళ్లాలి. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న పెద్ద వాతావరణ పరిశోధన రాడార్ గురించి సందేహం రావడం సహజం. అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్‌లో, దానికీ ఈ చానళ్లకూ సంబంధం లేదు. ఆ భయంతో మధ్య చానళ్లను వదులుకోనక్కర్లేదు. కంట్రోలర్‌లో దేశం మాత్రం భారత్ అనే ఎంచి ఉండాలి. ఎక్కువ పవర్ వస్తుందని వేరే దేశం పెట్టడం నేరం, పైగా ఇక్కడి ఫోన్లు వాడని చానళ్లలోకి యాక్సెస్ పాయింట్లు వెళ్లిపోయే ప్రమాదం కూడా ఉంది.

మార్పు చేశాక పరీక్షించాల్సింది గదిలోనే. ఫోన్‌లో వైఫై సిగ్నల్ చూపే యాప్ తెరిచి, తలుపు మూసి, మంచం దగ్గర, బల్ల దగ్గర అంకె చూడాలి. అదే నిమిషంలో కంట్రోలర్‌లో ఆ ఫోన్ పేరు మీద ఉన్న అంకె చూడాలి. మొదటిది యాక్సెస్ పాయింట్ సిగ్నల్ ఫోన్‌కు చేరిన తీరు, రెండోది ఫోన్ సిగ్నల్ యాక్సెస్ పాయింట్‌కు చేరిన తీరు. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే పవర్ సరిగా ఉన్నట్టు. ఫోన్ వైపు అంకె బాగా మెరుగ్గా ఉంటే పవర్ ఎక్కువైనట్టు, కంట్రోలర్ వైపు అంకె మెరుగ్గా ఉంటే తక్కువైనట్టు. ఫోన్లు చూపే అంకెలు ఒకదానికొకటి కొన్ని డీబీలు తేడాగా ఉంటాయి కాబట్టి ఒకే ఫోన్‌తో కాకుండా, అక్కడివాళ్లు ఎక్కువగా వాడే తక్కువ ధర ఫోన్ ఒకటి కూడా చేతిలో ఉండాలి. లెక్క వేయాల్సింది దాని బలహీనతకే.

రెండు అంకెలూ సమానంగా ఉండి రెండూ -75 దగ్గరే ఉంటే, ఆ గదికి పవర్‌తో చేయగలిగింది ఇక లేదు. యాక్సెస్ పాయింట్‌ను వరండా నుంచి గదుల్లోకి, ఒకటి ఎడమవైపు గదిలో, తర్వాతిది కుడివైపు గదిలో ఉండేలా మార్చాలి. అప్పుడు గోడలే ఒకదాని నుంచి మరొకదాన్ని వేరు చేస్తాయి, ప్రోగ్రాంకు అందే లెక్క కూడా ఫోన్ల లెక్కకు దగ్గరవుతుంది. పాత హాస్టళ్లకు రంగులు వేసి వైరింగు మార్చే సెలవుల్లో ఒక్కో గదికి కేబుల్ లాగించుకోవడానికి అయ్యే ఖర్చు, తర్వాత విడిగా గోడలు తొలిపించి లాగే ఖర్చుతో పోలిస్తే తక్కువే.